"ప్లస్సా, మైనసా ఆంటీ?"

సంపాదకుడు గారికి నమస్కారం.

చెన్నై పెరంబూరులో మా ఇంట్లో సాయంత్రం పూట పదిమంది పిల్లలకు ట్యూషన్ చెబుతాను. దాదాపు అందరూ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడి బడిలో ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాళ్లే. మొన్న ఐదో తరగతి పాప సైన్సు పాఠంలో నీరు ఆవిరి కావడం గురించిన పేరా గడగడా చదివేసింది, ఒక్క తప్పు లేదు. ఏం అర్థమైందమ్మా అంటే బిక్కమొహం వేసింది. మిద్దె మీద ఆరేసిన బట్టల్లో తడి ఎక్కడికి పోతుందే అని అడిగితే మాత్రం "ఎండకి గాల్లో కలిసిపోతుంది ఆంటీ" అని టక్కున చెప్పింది. విషయం తెలుసు, పుస్తకంలో ఉన్నది అదేనని తెలియలేదు, అంతే. లెక్కల్లో ఇంకా ఘోరం. రెండు లైన్ల లెక్క ఇస్తే అంకెలు మాత్రం చూసి "ప్లస్సా, మైనసా ఆంటీ?" అంటారు. అది చెబితే చాలు, చకచకా చేసేస్తారు.

పిల్లల చదువు ఇలా ఉందంటే అందరూ ఫోన్లను తిడతారు. ఫోన్లు చెరుపు చేయవని నేననను, కానీ స్కూలు సంచీ బరువు కన్నా చదివింది అర్థం కాకపోవడమే పిల్లలకు పెద్ద భారమని, బడిపిల్లల చదువు భారం మీద కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది, అప్పటికి ఈ ఫోన్లు ఎక్కడివి? పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూడ్డానికి దేశమంతటా పల్లెల్లో చేసే అసర్ సర్వే ప్రకారం ప్రభుత్వ బడుల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 44.2 శాతం, కరోనా తర్వాత 2022లో 38.5, 2024లో 44.8. అంటే పడి లేచి పాత చోటికే వచ్చాం, సగం మంది కూడా లేరు.

మన రాష్ట్రంలో చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పడానికి 2022లో ఎణ్ణుమ్ ఎళుత్తుమ్ (అంకెలూ అక్షరాలూ) అనే పథకం మొదలుపెట్టారు, చాలా మంచి పని. పాఠ్యపుస్తకాల మీద కూడా అంత శ్రద్ధ పెట్టాలి. అచ్చుకు పంపేముందు ఆ తరగతి పిల్లలే ఓ పదిమందిని కూర్చోబెట్టి చదివించి, సొంత మాటల్లో చెప్పమనండి. వాళ్లు తడబడిన ప్రతి వాక్యాన్నీ మళ్లీ రాయండి.

ఇంకో మాట. ఆ పాప వాళ్లమ్మకి ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని బడిలో చెప్పారట, పాపం ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషుతో తంటాలు పడుతోంది. దయచేసి టీచర్లు ఇలా చెప్పకండి. పాఠం ఏ భాషలో చదివినా, అర్థమైంది తెలుగులోనో తమిళంలోనో చెప్పనివ్వండి, తర్వాత ఇంగ్లీషులో రాయడం నేర్పండి.

ఇట్లు,
ఒక ట్యూషన్ టీచరు,
పెరంబూరు, చెన్నై