రక్షణ మంత్రి గారికి: అమరుడైన అగ్నివీర్ తల్లికీ పింఛను ఇవ్వండి

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారికి,

నమస్కారం.

2025 మే 9న జమ్మూకశ్మీర్ నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో మురళీ నాయక్ వీరమరణం పొందాడు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా కుర్రాడు. పొట్ట చేతపట్టుకుని ముంబై వలసపోయి కూలి పనులు చేసుకున్న తల్లిదండ్రులకు ఒక్కగానొక్క కొడుకు. అగ్నివీర్‌గా, అంటే అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్ల సర్వీసుకు, సైన్యంలో చేరాడు.

మే 11న తండాలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. మా ఉప ముఖ్యమంత్రి, మంత్రులు దగ్గరుండి జరిపించారు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, 5 ఎకరాల పొలం, 300 గజాల ఇంటి స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. రాష్ట్రం చేయగలిగింది చేసింది, సంతోషం. నేను అడుగుతున్నది మీ శాఖ చేయాల్సిన పని గురించి.

రెగ్యులర్ జవాను యుద్ధరంగంలో ప్రాణం వదిలితే ఆయన కుటుంబానికి లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. భార్యకు పూర్తి జీతమంత. పెళ్లికాని కుర్రాడైతే తల్లిదండ్రులకు అందులో కొంత తగ్గించి ఇస్తారు. అదే బంకర్‌లో, అదే రాత్రి, అదే గుండుకు అగ్నివీర్ చనిపోతే వాళ్ల అమ్మానాన్నలకు నెలనెలా వచ్చే పింఛను లేదు. అగ్నిపథ్ నిబంధనల్లో పింఛనూ లేదు, గ్రాట్యుటీ కూడా లేదు.

డబ్బు ఇవ్వడం లేదని నేను అనడం లేదు, అలా అంటే అబద్ధమవుతుంది. 48 లక్షల బీమా ఉంది, దానికి జవాను జీతంలోంచి ప్రీమియం కూడా కోయరు. విధి నిర్వహణలో పోతే 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీసు కాలానికి జీతం, సేవానిధి (జీతంలోంచి కోసిన సొమ్ముకు ప్రభుత్వం అంతే కలిపి ఇచ్చే మొత్తం) ఉన్నాయి. అమరుడైన అగ్నివీర్ కుటుంబానికి కోటి రూపాయలు ఇస్తున్నామని 2024 జూలైలో మీరే లోక్‌సభలో చెప్పారు. విధుల్లో ప్రాణం వదిలిన లూధియానా అగ్నివీర్ అజయ్ కుమార్ విషయంలో 98.39 లక్షలు అప్పటికే చెల్లించామని, మొత్తం సుమారు 1.65 కోట్లు అవుతుందని సైన్యం వివరణ కూడా ఇచ్చింది. ఇది చిన్న మొత్తం కాదు.

కానీ మంత్రిగారూ, ఒక్కసారిగా వచ్చిన పెద్ద మొత్తం పల్లెటూరి ఇంట్లో ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. మీరూ ఊళ్లో పుట్టి పెరిగినవారే. దినం భోజనాలు కాకముందే ప్లాట్లు చూపించేవాళ్లు, వడ్డీకి అడిగేవాళ్లు, ఎప్పటివో పాత బాకీలు గుర్తుచేసేవాళ్లు వరుస కడతారు. చదువురాని తల్లి ఎవరిని నమ్మాలో తెలియక సంతకాలు పెడుతుంది. కొడుకును పోగొట్టుకున్న దుఃఖంలో ఉన్న మనిషి మీద ఆ డబ్బును కాపాడుకునే టెన్షన్ కూడా పడుతుంది.

పింఛను సంగతి వేరు. అది నేను మా ఇంట్లో చూస్తున్నాను. మా నాన్న సైన్యంలో హవల్దారుగా రిటైరయ్యారు. ఆయన పోయాక మా అమ్మకు కుటుంబ పింఛను వస్తోంది. ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. వేలిముద్ర ఒకసారికి పడదు, నాలుగు సార్లు చెయ్యి తుడుచుకుని మళ్లీ పెడుతుంది. అయినా విసుక్కోదు. మందులకు కొడుకుల చెయ్యి చూడాల్సిన పని లేదు ఆమెకు. డీఏ పెరిగిందని టీవీలో చెప్తే నాకు ఫోన్ చేసి ‘మాకూ పెరుగుతుందా?’ అని అడుగుతుంది. నాన్న పేరు మీద నెలనెలా వచ్చే ఆ డబ్బును ఆమె ఖర్చు పెట్టే తీరే వేరు. మా నాన్న బతికి ఇంటికొచ్చిన మనిషి. కొడుకు ఇంటికి రాని తల్లికి అంతకంటే తక్కువ దక్కడం ఏ లెక్కన న్యాయమో నాకు అర్థం కావడం లేదు.

నాలుగేళ్ల సర్వీసుకు పింఛను ఎలా ఇస్తాం అంటారు. నాలుగేళ్లు చేసి, సేవానిధి తీసుకుని, ఇంకో పని వెతుక్కోవడానికి ఇంటికెళ్లే కుర్రాడి విషయంలో ఆ వాదన ఏదో ఒకటి ఉందనుకుందాం. చనిపోయినవాడికి అది ఎలా వర్తిస్తుంది? రెగ్యులర్ సిపాయి చేరిన మొదటి ఏడాదిలోనే శత్రువు కాల్పుల్లో పోయినా ఆ ఇంటికి పింఛను వస్తుంది కదా. అక్కడ ఎన్నేళ్లు చేశాడని ఎవరూ అడగరు, ఎలా పోయాడన్నదే చూస్తారు. పోయినవాడు అగ్నివీర్ అయినప్పుడు మాత్రం సర్వీసు ఎన్నేళ్లని ఎందుకు లెక్కబెడుతున్నారు?

షరతులు తెలిసే చేరారు కదా అని కూడా కొందరంటారు. మా అనంతపురం వైపు కుర్రాళ్లు తెల్లవారుజామున రోడ్ల మీద పరుగు ప్రాక్టీసు చేసేటప్పుడు చావు తర్వాత వచ్చే పింఛను గురించి ఆలోచించరు. ఆలోచించాల్సింది వాళ్లను తీసుకునే మనం.

ఇది నేనొక్కడినే అడుగుతున్నది కాదు. అమరులైన అగ్నివీరుల కుటుంబాలకు రెగ్యులర్ సైనికుల కుటుంబాలతో సమానంగా ప్రయోజనాలు ఇవ్వాలని 2024లో రక్షణ శాఖపై పార్లమెంటరీ స్థాయీ సంఘం సిఫారసు చేసింది. మురళీ నాయక్ తల్లి ఇదే కోరుతూ బాంబే హైకోర్టును ఆశ్రయించారు. కొడుకు దేశానికి ప్రాణమిచ్చిన తర్వాత ఆ దేశం మీదే ఒక తల్లి పిటిషన్ వేయాల్సి రావడం నాకు బాధగా ఉంది. మీకూ ఉంటుందనే అనుకుంటున్నాను.

ఖర్చు మాటకొస్తే, 2025-26 బడ్జెట్‌లో రక్షణ పింఛన్లకు రూ.1.60 లక్షల కోట్లు కేటాయించారు. దేశంలో రక్షణ పింఛనుదారులు 34 లక్షల దాకా ఉన్నారు. వారిలో అమరులైన అగ్నివీరుల తల్లిదండ్రులు చేరితే ఖజానాకు కలిగే భారం లెక్కలోకి కూడా రాదు.

ఇంకొక్క మాట. మురళీ నాయక్ దేశమంతా టీవీల ముందు కూర్చున్న రోజుల్లో పోయాడు, అందుకే అందరూ కదిలారు. 2020లో గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణలో అమరుడైన మా సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చి గౌరవించింది. 2023 అక్టోబరులో సియాచిన్‌లో విధుల్లో ఉండగా మహారాష్ట్ర కుర్రాడు అక్షయ్ గవాతే చనిపోయాడు. విధి నిర్వహణలో పోయిన తొలి అగ్నివీర్ అతనే. మా ఊళ్లలో ఆ పేరు ఎంతమందికి గుర్తుంది? ఏ రాష్ట్రంలో పుట్టాడు, ఆ వారం వార్తల్లో ఏముంది అన్నదాన్ని బట్టి అమరుడి ఇంటికి అందే సాయం మారకూడదు. మారకుండా చూడగలిగేది కేంద్రం ఇచ్చే పింఛను ఒక్కటే.

కాబట్టి నా విన్నపం ఇది. విధి నిర్వహణలో మరణించిన ప్రతి అగ్నివీర్ కుటుంబానికీ రెగ్యులర్ జవాను కుటుంబానికి ఇచ్చే పింఛనే, అవే నిబంధనలతో, వైద్య సదుపాయంతో సహా ఇస్తూ ఉత్తర్వులు జారీ చేయండి. పథకం మొదలైన 2022 నుంచే అది వర్తించేలా చూడండి. అక్షయ్, అజయ్, మురళి తల్లిదండ్రులకు బకాయిలతో కలిపి చెల్లించండి. తొలి బ్యాచ్ నాలుగేళ్లు పూర్తి చేసుకునే సమయం దగ్గరపడింది, పథకాన్ని ఎలాగూ సమీక్షించాల్సి ఉంటుంది. ఆ సమీక్షలో మొదటి ఫైలు ఇదే కావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడి కొడుకు,
అనంతపురం