టెర్మినల్‌లో ముందే కొట్టినవి పోవు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలోని కంప్యూటర్ శీర్షికలో 'సిస్టమ్ బిజీగా ఉన్నప్పుడు కీబోర్డు మీద ఏం కొట్టినా దండగ, ఆ అక్షరాలు పోయినట్టే' అని రాశారు. టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే తెర) విషయంలో ఈ మాట తప్పు. అవి పోకపోవడంతోనే అసలు చిక్కు.

నేను బెంగళూరు మారతహళ్లిలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నేర్పుతుంటాను. అనంతపురం, కడప, కర్నూలు వైపు నుంచి ఉద్యోగాల కోసం వచ్చిన పిల్లలే ఎక్కువ. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు 'సార్, ఒక్కసారే కొట్టాను, రెండుసార్లు పడింది' అంటారు. అప్పుడు పది సెకన్లు ఊరికే ఆగే స్లీప్ 10 కమాండ్ ఇప్పించి, అది నడుస్తుండగానే డేట్ అని కొట్టి ఎంటర్ నొక్కకుండా ఆగమంటాను. డేట్ అని వెంటనే తెర మీద పడుతుంది. పది సెకన్లయ్యాక దాన్ని ఆనుకునే ప్రాంప్ట్ (తర్వాతి కమాండు కొట్టమనే గుర్తు) వస్తుంది, ప్రాంప్ట్ పక్కన మళ్లీ డేట్!

మొదటిది వేసింది కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. ఏ ప్రోగ్రాం నడుస్తోందన్నది దానికి పట్టదు. కీ నొక్కగానే అక్షరాన్ని తెర మీద వేసి, బఫర్ అనే తాత్కాలిక అరలో దాస్తుంది. స్లీప్‌కు కీబోర్డుతో పనే లేదు కాబట్టి దాని జోలికి పోదు. తర్వాత బాష్ (మనం కొట్టిన కమాండ్లను చదివి నడిపించే ప్రోగ్రాం) వచ్చి, దాచినదాన్ని తీసుకుని, తన లెక్క ప్రకారం మళ్లీ వేస్తుంది. కంగారుపడి బ్యాక్‌స్పేస్ కొట్టారో, చెరిగేది రెండోదే, అంటే అసలైనదే. మొదటిది చెక్కుచెదరదు, అది తెర మీద మిగిలిన మరక మాత్రమే. ఆ పది సెకన్లలో పై బాణం కీ నొక్కి చూడండి, ఒక టోపీ గుర్తు, రెండు చదరపు బ్రాకెట్లు, ఒక ఇంగ్లిషు ఏ ప్రత్యక్షమవుతాయి. పిల్లలు వైరస్ అనుకుంటారు. బాష్ చేతికి వచ్చాక అదే పాత కమాండును తెచ్చిపెడుతుంది.

నేను పని నేర్చుకున్నది వ్యాక్స్ అనే పాతకాలపు కంప్యూటర్ల మీద, వాటి ఆపరేటింగ్ సిస్టమ్ వీఎంఎస్‌తో. అక్కడ ముందే కొట్టినవి అప్పుడే కనిపించవు, ప్రోగ్రాం అడిగినప్పుడే తెర మీదికొస్తాయి. మామూలుగా 78 అక్షరాల దాకా దాచేది, నిండితే గంట కొట్టేది. (1981 నాటి ఐబీఎం పీసీకి 15 కీలకే కడుపు నిండేది, ఆపైన బీప్.) తెర శుభ్రంగా ఉండే వీఎంఎస్ పద్ధతికే నా ఓటు. కొట్టింది కనబడకపోతే మెషీన్ వినలేదేమోనని భయం సార్ అంటారు మా పిల్లలు. అదీ నిజమే.

ఇక చిక్కు సంగతి. ఎక్కడినుంచో కాపీ చేసిన పది లైన్లను పాత బాష్‌లో (5.1కి ముందువాటిలో) ఒకేసారి పేస్ట్ చేస్తారు. మధ్యలో ఒక కమాండ్ 'చెరిపెయ్యమంటారా' అని అడిగితే, కింది లైను దానికి జవాబుగా వెళ్లిపోతుంది. ఆ లైను ఇంగ్లిషు వై అక్షరంతో మొదలైతే ఫైలు గల్లంతే. మధ్యలో ఎస్ఎస్‌హెచ్ (వేరే మెషీన్‌లోకి లాగిన్ అయ్యే) కమాండ్ ఉంటే మిగతా లైన్లన్నీ అదే మింగి అవతలి మెషీన్‌కు పంపేస్తుంది. వద్దనుకున్నవి వదిలించుకోవాలంటే కంట్రోల్ సీ ఉంది, నడుస్తున్న కమాండుతో పాటు మామూలుగా బఫర్‌లో ఉన్నవీ పోతాయి.

నిజంగా పారేసే చోటు పాస్‌వర్డ్ ప్రాంప్ట్. ఎస్ఎస్‌హెచ్ లాంటివి పాస్‌వర్డ్ అడిగేముందు అప్పటిదాకా కొట్టినవాటిని అవతల పడేసి, ఆ తర్వాత కొట్టినవే తీసుకుంటాయి. నెట్ నెమ్మదిగా ఉందని ప్రాంప్ట్ రాకముందే పాస్‌వర్డ్ కొట్టేవాళ్లను రోజూ చూస్తుంటాను. అప్పటికి ఎకో (కొట్టింది తెర మీద వేయడం) ఆపి ఉండదు. పాస్‌వర్డ్ మొత్తం తెర మీద పక్కవాడికి కనబడేలా పడుతుంది, లాగిన్ మాత్రం కాదు. మీ శీర్షికలో సవరణ వేసేటప్పుడు ఈ ఒక్క ముక్కయినా చేర్చండి.

ఇట్లు,
ఒక లినక్స్ మాస్టారు,
మారతహళ్లి, బెంగళూరు