గేటు దగ్గర నిలబడ్డవాళ్లకి ఎవరు చెప్తారు?

సంపాదకులకు నమస్కారం.

గుంతకల్లు డివిజన్‌లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యాను. ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో కూతురి ఇంట్లో ఉంటున్నాను. ప్రస్తుతం నా డ్యూటీ ఒక్కటే. నాలుగో తరగతి చదివే మనవణ్ణి పొద్దున బడిలో దించడం, మధ్యాహ్నం ఇంటికి తెచ్చుకోవడం. ఆ గేటు దగ్గర నాలాంటి తాతలూ అమ్మమ్మలూ, వ్యాన్ డ్రైవర్లూ, ఇంట్లో పనిచేసే అమ్మాయిలే ఎక్కువ కనబడతారు. కన్నవాళ్లు ఆ వేళకి ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్‌లోనో, ఆఫీసులో మీటింగులోనో ఉంటారు.

పోయిన నెల ఒక రోజు పదిన్నర దాటాక మా వీధి వ్యాన్ డ్రైవర్ ఫోన్ చేసి, "సార్, ఇస్కూల్లో పొగొస్తా ఉందంట" అన్నాడు. స్కూటర్ తీసుకుని పోయాను. అప్పటికే గేటు ముందు అరవై డెబ్బై మంది ఉన్నారు. లోపల పిల్లల అలికిడి లేదు. సెక్యూరిటీ కుర్రాడు ఒడిశావాడు, వాడికి వచ్చిన హిందీలో "అందర్ సబ్ ఠీక్ హై" అని అందరికీ అదే మాట చెప్తున్నాడు. ఆఫీసు నంబరు ఎంతసేపు కొట్టినా ఎంగేజే. ఈలోగా ఎవరిదో ఫోన్లో ఒక వీడియో తిరగడం మొదలైంది. మంటలు, కిటికీల్లోంచి దూకుతున్న పిల్లలు. అది మన ఊరు కాదు, మన బడి కాదు. అయినా చూసిన ఒక పెద్దావిడ అక్కడే కూలబడిపోయింది.

జరిగింది చిన్నదే. మెట్ల కింద కరెంటు బోర్డు కాలి పొగ కమ్మింది. టీచర్లు పిల్లల్ని వెనక గేటుగుండా తీసుకెళ్లి పక్కవీధి కల్యాణ మంటపంలో కూర్చోబెట్టారు. ఆ పని చాలా బాగా చేశారు, ముందు అది ఒప్పుకోవాలి. ఎల్‌కేజీ పిల్లల్ని ఆయమ్మ తన చున్నీ పట్టించి రైలుపెట్టెల్లా నడిపించుకుపోయిందట. ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ మేం ముందు గేటు దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాం, ఖాళీ బడికి కాపలాగా.

స్కూలు కబురు పంపలేదని కాదు. పదకొండూ ఇరవైకి యాప్‌లో ఇంగ్లీషులో మెసేజ్ పెట్టారు. అది వెళ్లేది తల్లిదండ్రుల ఫోన్లకే. మా అమ్మాయి మీటింగులోంచి బయటికొచ్చి పన్నెండింటికి చూసుకుంది. చిన్న సాంకేతిక పరిస్థితి ఏర్పడిందని, అదుపులోనే ఉందని, ఆందోళన వద్దని ఉంది. పొగ అన్న మాట లేదు. పిల్లలు ఎక్కడున్నారో లేదు. మేం ఎక్కడికి రావాలో, అసలు రావాలో అక్కర్లేదో కూడా లేదు. ఏం జరిగిందో చెప్పకుండా ఆందోళన వద్దంటే లేని ఆందోళన కూడా వస్తుంది.

దీని తర్వాత జరిగింది నన్ను ఇంకా భయపెట్టింది. ఎవరో చెబితే అందరం మంటపానికి పరుగెత్తాం. నేను గుమ్మంలో మనవడి పేరు, సెక్షను చెప్పాను. ఒక టీచరమ్మ లోపలికి కేక వేసి పిల్లవాణ్ణి నా చేతిలో పెట్టింది. నేనెవరని అడగలేదు, ఎక్కడా రాసుకోలేదు. నేను నిజంగా తాతనే కాబట్టి సరిపోయింది. మామూలు రోజుల్లో మెడలో ఐడీ కార్డు లేకపోతే పిల్లవాణ్ణి పంపని బడి ఇది! ఆ టీచరమ్మ చేతిలో ఆ రోజు హాజరు పట్టీ కూడా లేదు. హాజరు ట్యాబ్‌లో వేస్తారు, ట్యాబ్ క్లాసులోనే ఉండిపోయింది. పాపం, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో గుర్తు తెచ్చుకుంటూ వేళ్ల మీద లెక్కపెడుతోంది.

మన దగ్గర రూల్సుకి కొదవ లేదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో ఒక బడి వంటపాకలో పుట్టిన మంట ఆకుల కప్పుకి ఎగబాకి 94 మంది పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. ఆ ఘోరం తర్వాత వేసిన కేసులోనే 2009లో సుప్రీంకోర్టు, మంటలార్పే పరికరాలు లేని బడి, సిబ్బందికి వాటిని వాడటం నేర్పని బడి ఉండకూడదని ఆదేశించింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రతి బడికీ సొంత ప్రణాళిక ఉండాలనీ, మాక్ డ్రిల్లులు జరగాలనీ ఉంది. మా మనవడి బడిలోనూ ఎర్ర సిలిండర్లు వరసగా వేలాడుతున్నాయి, రీఫిల్ తేదీలు కూడా సరిగ్గానే ఉన్నాయి (పాత అలవాటు, చూడకుండా ఉండలేను). ఏటా డ్రిల్లు కూడా చేస్తారు. గంట కొడతారు, పిల్లలు వరసగా గ్రౌండులోకి వస్తారు, ఫొటో తీస్తారు, మళ్లీ క్లాసుల్లోకి పోతారు. డ్రిల్లు అంతటితో సరి. గ్రౌండు నుంచి ఇంటిదాకా ఉన్న సగం ఎవరూ ఆడి చూడలేదు.

ఆ సగం ఎంత ముఖ్యమో ఈ ఊరికి తెలియనిది కాదు. 2023 డిసెంబర్ 1న బెంగళూరులో నలభైకి పైగా బడులకు బాంబు బెదిరింపు మెయిళ్లు వచ్చాయి. మరో రెండు నెలలకి, 2024 ఫిబ్రవరి 8న, చెన్నైలోనూ 13 బడులకు అదే అనుభవం. అన్నీ ఉత్తుత్తివేనని తేలింది. కానీ ఆ పూట ఆఫీసులు వదిలేసి, బండి ఎక్కడ ఆపామో కూడా చూసుకోకుండా బడులకి పరుగెత్తిన తల్లుల గుండెదడ మాత్రం ఉత్తుత్తిది కాదు. మెయిల్ పంపినవాడు బడిని కాదు, ఇళ్లను గురిచూసి కొట్టాడు. కాబట్టి ఇంటికి వెళ్లే కబురు కూడా భద్రతలో భాగమే. దాన్ని యాప్ చూసుకునే క్లర్కుకి వదిలేస్తే కుదరదు.

నా పాత ఉద్యోగం సంగతి ఒకటి చెప్పాలి. బండి లేటయినప్పుడు ప్లాట్‌ఫారం మీద జనం లేటుకి తిట్టరు, మైకు మూగబోయినందుకు తిడతారు. "ముందు స్టేషన్లో ఆగింది, కారణం ఇంకా తెలియలేదు, పావుగంటలో మళ్లీ చెప్తాం" అంటే చాలు, టీ తాగడానికి పోతారు. ఆ పావుగంటకి నిజంగా మళ్లీ చెప్పాలి, అంతే. ప్రమాదం జరిగితే రైల్వే సైరన్ మోగిస్తుంది. ఎన్ని కూతలు వినబడ్డాయన్న దాన్నిబట్టి ఎలాంటి ప్రమాదమో, ఎవరు కదలాలో సిబ్బందికి తెలిసిపోతుంది. కాలనీలో మా ఆడవాళ్లు కూడా పొయ్యి దగ్గర నిలబడే కూతలు లెక్కపెట్టేవాళ్లు. బంధువుల కోసం హెల్ప్‌లైన్ నంబర్లు తెరుస్తారు, ఆ బల్ల దగ్గర కూర్చునేవాడికి వేరే పని చెప్పరు. అంత పెద్ద సంస్థకి కుదిరింది వెయ్యిమంది పిల్లలున్న బడికి కుదరదా?

బడివాళ్ల ఇబ్బంది నాకు తెలియకపోలేదు. తొందరపడి చెబితే పుకారు లేస్తుందని, రోడ్డంతా కార్లతో నిండి ఫైరింజను ఇరుక్కుంటుందని వాళ్ల భయం. భయం సబబే. ఆ రోజు నా స్కూటర్ కూడా గేటుకి అడ్డంగానే ఉంది, ఫైరువాళ్లు వచ్చి అరిచాక తీశాను. కానీ అక్కడికి రావద్దు, ఫలానా చోటికి రండి అని ఎవరైనా చెప్పి ఉంటే నేను గేటు దగ్గర ఎందుకుంటాను?

నేనడిగేవి డబ్బుతో పనిలేనివి. మొదటి కబురు యాప్‌లో కాకుండా మామూలు ఎస్సెమ్మెస్‌గా పోవాలి, చిన్న ఫోనున్న ముసలివాళ్లకి కూడా అందేలా. ఇంగ్లీషుతోపాటు కన్నడంలో, ఆ ఇంట్లో మాట్లాడే భాషలో ఉండాలి. మా వీధిలో అయితే తెలుగు లేనిదే పని జరగదు. ఏమైంది, పిల్లలు ఎక్కడ, ఎవరు ఏ గేటుకి రావాలి, మళ్లీ ఎప్పుడు చెప్తారు, ఇంతే చాలు. హాజరు పట్టీ రోజూ కాగితం మీద కూడా ఒకటి టీచరు దగ్గర ఉండాలి. పిల్లవాణ్ణి అప్పగించేటప్పుడు పేరూ సంతకమూ లేకుండా వదలకూడదు, ఆలస్యమైనా సరే. ఏటా జరిగే ఆ డ్రిల్లులో ఒకదానికి మమ్మల్ని, డ్రైవర్లని కూడా పిలవాలి. పిల్లలు వరసలో నిలబడటం ఎప్పుడో నేర్చుకున్నారు, నేర్చుకోవాల్సింది మేమే.

ఇదంతా చెబుదామని పోయిన సోమవారం స్కూలు ఆఫీసుకి వెళ్లాను. మర్యాదగానే కూర్చోబెట్టారు. పిల్లవాడి ఫారం తీయించి చూస్తే అత్యవసరంలో పిలవాల్సిన నంబర్లు రెండున్నాయి, ఒకటి మా అల్లుడిది, రెండోది మా అమ్మాయిది. రోజూ వచ్చేది నేను కదమ్మా, నాదీ రాసుకోండి అన్నాను. కంప్యూటర్ ముందున్న అమ్మాయి కాసేపు వెతికి, "సిస్టంలో మూడో గడి లేదు సార్" అంది. పెన్ను అడిగి తీసుకుని ఫారం అంచున రాసి ఇచ్చి వచ్చాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టేషన్ మాస్టరు,
మారతహళ్లి, బెంగళూరు