జైళ్ల ఫొటోలు వేశారు, ఎన్నికల సంగతి వదిలేశారు

సంపాదకులు గారికి నమస్కారం.

గత వారం అంతర్జాతీయ పేజీలో మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడార్ మీద మీరు వేసిన కథనం చదివాను. చదివి నాలుగు రోజులైనా చిరాకు తగ్గలేదు, అందుకే రాస్తున్నాను. గుండ్లు గీసిన ఖైదీల వరసలు, నేర ముఠాలను అణచడంలో అధ్యక్షుడు నాయిబ్ బుకెలే తెగువ, తగ్గిన హత్యలు అన్నీ రాశారు. 2021 ఫిబ్రవరి 28న అక్కడ జరిగిన శాసనసభ ఎన్నికల గురించి మాత్రం ఒక్క వాక్యం లేదు.

అసలు కథంతా అక్కడే ఉందండీ. 84 సీట్ల సభలో బుకెలే పార్టీ న్యువాస్ ఇదేయాస్‌కు 56 వచ్చాయి. అంటే సరిగ్గా మూడింట రెండు వంతులు. మిత్రపక్షానివి ఇంకో 5. ముప్పై ఏళ్లు దేశాన్ని పంచుకుని ఏలిన రెండు పార్టీల్లో అరేనాకు 14, ఎఫ్ఎమ్ఎల్ఎన్‌కు 4 మిగిలాయి. జనం ఊరికే అలా ఓటేయలేదు. అరేనా నుంచి అధ్యక్షుడైన సాకా అవినీతి కేసులో జైలుకెళ్లారు. ఎఫ్ఎమ్ఎల్ఎన్ తరఫున అధ్యక్షుడిగా గెలిచిన ఫునెస్ కేసులకు భయపడి నికరాగ్వాలో తలదాచుకున్నారు. ఆ కోపం న్యాయమైనదే, ఓటర్లను నేను తప్పుపట్టను.

కానీ ఆ సభ తర్వాత ఏం చేసిందో చెప్పాలి కదా! మే 1న, కొలువుదీరిన మొదటి రోజే, సుప్రీంకోర్టు రాజ్యాంగ విభాగంలోని ఐదుగురు న్యాయమూర్తులనూ అటార్నీ జనరల్‌నూ తీసేసింది. కొత్తగా వచ్చిన న్యాయమూర్తులు సెప్టెంబరుకల్లా అధ్యక్షుడు వరసగా రెండోసారి పోటీ చేయొచ్చని తీర్పిచ్చారు. రాజ్యాంగం వద్దన్న పని అది. 2023లో, ఎన్నికలకు ఎనిమిది నెలల ముందు, సభ సీట్లను 84 నుంచి 60కి కుదించారు. సీట్లు పంచే లెక్క కూడా పెద్ద పార్టీకి లాభించేలా మార్చారు. 2024లో ఆ పార్టీకి 60కి 54 వచ్చాయి. దాదాపు 70 శాతం ఓట్లకు 90 శాతం సీట్లు! 2025 జులైలో అధ్యక్షుడు ఎన్నిసార్లయినా పోటీ చేయొచ్చని రాజ్యాంగాన్నే సవరించేశారు.

ఇవేవీ లేకుండా ఫొటోలు మాత్రమే వేస్తే కుర్రాళ్లు ఏమనుకుంటారు? మా వాట్సాప్ గ్రూపులో మీ పేజీ ఫొటో తీసి పెట్టి "మనకీ ఇలాంటోడు కావాలి" అని ఒకరి తర్వాత ఒకరు రాశారు. విచారణ లేకుండా జైల్లో ఉన్న అమాయకుల సంగతి అడిగితే ఒక్కరూ జవాబివ్వలేదు. మీ కథనంలోనే ఆ ప్రశ్న లేనప్పుడు వాళ్లకు ఎలా తడుతుంది?

ఒకప్పుడు విదేశీ ఎన్నికలంటే పార్టీలవారీగా సీట్ల పట్టిక వేసేవారు, పక్కన ఆ దేశం మ్యాప్ ఉండేది. ఇప్పుడు ఏజెన్సీ వార్తను తెలుగు చేసి, ఫొటో పెద్దది చేసి వదిలేస్తున్నారు. సినిమా పేజీకి పెడుతున్న శ్రద్ధలో సగం పెట్టినా చాలు. పేర్లు కూడా సరిచూడటం లేదు, ఒకే కథనంలో ఒకే మనిషి పేరు రెండు రకాలుగా వచ్చింది.

2021 ఎన్నికల ఫలితాలు, మే 1న సభ చేసిన పని, సీట్ల కుదింపు వివరాలతో అదే పేజీలో, అంతే జాగాలో ఇంకో కథనం వేయండి.

ఒక పాఠకుడు,
తెనాలి