ఎలుకల మందు కాదు, ఎలుకకు మందు

తెలంగాణ రాష్ట్ర పశుసంవర్థక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

"ఎలుకకు మందు కావాలి బాబూ" అని మా వీధి మందుల షాపులో అడిగితే, కౌంటర్‌లోని కుర్రాడు తల కూడా ఎత్తకుండా "కిరాణా కొట్లో దొరుకుతుంది మేడమ్" అన్నాడు. తప్పు అతనిది కాదు. ఎలుకను బతికించడానికి మందు అడిగేవాళ్లు ఉంటారని ఎవరనుకుంటారు?

మా అమ్మాయి పట్టుబట్టి తెచ్చుకున్న తెల్ల ఎలుకలు రెండున్నాయి మా ఇంట్లో, బుజ్జి, చిట్టి. రెండూ ఆడవే. నెల కిందట బుజ్జి ఒకటే గోక్కోవడం మొదలుపెట్టింది. మెడ మీద, భుజాల మీద చిన్న చిన్న పొక్కులు లేచి చెక్కు కట్టాయి. కొబ్బరినూనెలో పసుపు కలిపి రాశాను. రాసింది రాసినట్టే నాకేసింది.

దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గారు మర్యాదగానే మాట్లాడారు. "గేదె అయితే చెప్పగలను గానీ, ఎలుకను ఇంతవరకు చూడలేదమ్మా" అన్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. అక్కడి నుంచి వెళ్లిన ఇంకో చోట మాత్రం తూకం వేయకుండానే పురుగుల్ని చంపడానికి గేదెలకు వాడే ఐవర్‌మెక్టిన్ మందు సీసా తీసి, "ఒక్క చుక్క చాలు" అన్నారు. వద్దని వచ్చేశాను.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఒక శాతం ఇంజెక్షన్ మందు గేదెకైతే 50 కిలోలకు 1 మి.లీ. అదే లెక్కన 300 గ్రాముల బుజ్జికి రావలసింది 0.006 మి.లీ. చుక్క అంటే సుమారు 0.05 మి.లీ., అంటే ఎనిమిది రెట్లు! పెద్ద ఎలుక తట్టుకుంటుందేమో తెలియదు గానీ, పిల్ల ఎలుకైతే నేనా సాహసం చేయను. ఆ మందును పలచన చేసి, గ్రాముల్లో తూచి ఇవ్వాలి. చాలాచోట్ల ఆ కాటానే లేదు.

చివరికి ఒక యువ డాక్టరు పుణ్యమా అని అసలు సంగతి తేలింది. పొక్కుల దగ్గర వెంట్రుకల మీద సెల్లోటేప్ అంటించి తీసి, దాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి మాకూ చూపించారు. అవి బొచ్చులో ఉండే పురుగులు, మైట్స్. మందు ఆ ఐవర్‌మెక్టినే, కానీ తూచి వేయాలి. ఒంటి మీద పొక్కులున్నది బుజ్జికే అయినా చిట్టికీ వేయాలన్నారు. పంజరం కడగాలి, కింద పరిచిన రంపపు పొట్టంతా పారేయాలి. గుడ్లు ఈ మందుకు చావవు కాబట్టి రెండు వారాలకు మళ్లీ వేయాలి.

దురద కనబడగానే ఐవర్‌మెక్టిన్ అనడం కూడా సరికాదని అప్పుడే తెలిసింది. చెవుల అంచున, ముక్కు మీద పులిపిర్లలా పచ్చటి చెక్కులు కడితే అది వేరే జాతి మైట్. గుండ్రంగా బొచ్చు రాలి పొట్టు లేస్తుంటే తామర కావచ్చు. దానికి ఈ మందు పనిచేయదు, పైగా అది పిల్లలకూ అంటుతుంది. పొక్కూ పుండూ లేకుండా కత్తెరతో కత్తిరించినట్టు బొచ్చు పోతే అది తోటి ఎలుక కొరికిన పని. నేను బాగా టెన్షన్ పడింది మాత్రం కళ్ల చుట్టూ ఎర్రగా కనబడినప్పుడు. రక్తం అనుకున్నాను. కాదట, కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే ఎర్రటి స్రావమట. ఒంట్లో బాగోకపోయినా, బెదిరినా ఎక్కువవుతుంది. ఇక ఆడ ఎలుక చంక కింద గడ్డ కనిపిస్తే చీముగడ్డ అని కోసేయకూడదు. రొమ్ము కణితి కావచ్చు.

ఇవి ఎవరికీ తెలియని విద్యలేం కావు. 1958లో కూనూర్ నుంచి హైదరాబాద్‌కు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. ప్రయోగాల కోసం దశాబ్దాల పాటు ఎలుకల్ని పెంచిన సంస్థ అది. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. ఎలుకల గురించి ఇంత తెలిసిన ఊళ్లో ఒక ఎలుకను చూపించుకోవడానికి నాలుగు చోట్లకు తిరిగాను.

2018లో కేంద్రం తెచ్చిన పెంపుడు జంతువుల దుకాణాల నియమాల్లో కుక్క, పిల్లి, కుందేలు వరసలోనే ఎలుకా ఉంది. అమ్మడానికి చట్టంలో చోటిచ్చినప్పుడు వైద్యానికీ చోటుండాలి కదండీ.

నేను అడిగేది కొత్త ఆసుపత్రి కాదు. గేదెలు, మేకల తర్వాతే మా వంతు రానివ్వండి. నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్య ఆసుపత్రిలో వారానికి ఒక్క మధ్యాహ్నం చిన్న జంతువులకు కేటాయించండి. అక్కడ గ్రాములు చూపించే కాటా, చర్మం గీరి చూడటానికి మైక్రోస్కోప్ దగ్గర ఒక మనిషి ఉండాలి. బరువును బట్టి మందు ఎంత వేయాలో చెప్పే ఒక పేజీ పట్టిక తార్నాక, రాజేంద్రనగర్ వాళ్ల చేత రాయించి జిల్లా ఆసుపత్రులన్నింటికీ పంపించండి.

బుజ్జికి రెండో విడత మందు వచ్చే గురువారం. వంటింటి కాటా మీద తూచి చీటీ రాసి పెట్టుకున్నాం: 312 గ్రాములు.

ఇట్లు,
మల్కాజిగిరి నుంచి ఒక గృహిణి