బఫెలోలో ట్రక్కు కొనబోతున్న అమ్మాయికి

వనస్థలిపురం, హైదరాబాద్

చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ట్రక్కు ఫోటోలు, ప్రకటన అన్నీ చూశాను. 2018 ఫోర్డ్ ఎఫ్-150, కెనడాలోని అంటారియో నుంచి సరిహద్దు దాటించి అమెరికాలోని మీ బఫెలోకు తెచ్చిన బండి, అక్కడి మిగతా బళ్ల కంటే ధర తక్కువ. అల్లుడుగారు వారంలోగా తేల్చేద్దామంటున్నారని రాశావు. బండి వద్దనడం లేదమ్మా. తోటపనికీ ట్రైలరు లాగడానికీ మీకు ట్రక్కు అవసరమే. కానీ డబ్బు కట్టే ముందు ఈ ఉత్తరం ఇద్దరూ కూర్చుని చదవండి. ఫోనులో చెప్తే సగం మాటలు గాలికి పోతాయని రాస్తున్నాను.

మీ నాన్న లారీలు నడిపిన రోజుల్లో ఆటోనగర్ ఆఫీసులో లెక్కలు, కాగితాలు నేనే చూసేదాన్ని. ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలిగే విద్య ఆయనది. నాకు తెలిసింది కాగితం. ఆ కాగితాల మధ్య గడిపిన నేను గట్టిగా నమ్మేది ఒకటే: బండి ఒక సరిహద్దు దాటినప్పుడు దాని చరిత్ర అక్కడ తెగిపోతుంది. ఇవతల కొత్త నంబరు, కొత్త కాగితం, కొత్త రంగు. పాత అప్పు, పాత ప్రమాదం, పాత యజమానులు అవతలే ఉండిపోతారు. దాచాలనుకున్నవాడు ఏది దాచినా ఆ తెగిన చోటే దాస్తాడు.

కర్ణాటక బండి కొన్నా, మహారాష్ట్ర బండి కొన్నా పాత ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, ఫారం 28, కళ్లారా చూడనిదే మీ నాన్న అడ్వాన్సు ఇచ్చేవారు కాదు. ఫైనాన్స్ తీరిందని ఫారం 35 మీద ఫైనాన్సరు సంతకం ఉండాల్సిందే. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, వచ్చిన అచ్చును ఆర్సీ పక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చేవాళ్లం. నాగాలాండ్ మట్టి తొక్కని నాగాలాండ్ నంబరు లారీలు మన హైవే మీద ఎన్ని తిరుగుతాయో నీకూ తెలుసు. నంబరు ప్లేటు చూసి బండి ఎక్కడ బతికిందో చెప్పలేం. ఒకే దేశంలో, ఒకే చట్టం కింద ఇంత జాగ్రత్త కావాల్సి వస్తే, మీది రెండు దేశాల సంగతి.

ముందు విన్ నంబరుతో, అంటే బండి గుర్తింపు సంఖ్యతో మొదలుపెట్టు. మొత్తం 17 అక్షరాలు, అంకెలు ఉండాలి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉండవు. పదో స్థానం మోడల్ సంవత్సరం, 2018కి అది జె. మొదటి అంకె 1 ఉంది కాబట్టి ఇది అమెరికా బండే అని అమ్మేవాడు అన్నాడని రాశావు. ఆ మాట పట్టుకోకు. ఆ అంకె బండి ఎక్కడ తయారైందో చెబుతుంది, ఎక్కడ అమ్ముడైందో, ఎక్కడ తిరిగిందో చెప్పదు. ఎఫ్-150లు మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లో, కాన్సస్ సిటీ దగ్గర తయారవుతాయి. టొరంటోలో కొన్న బండికైనా ముందు 1 ఉంటుంది. అద్దం లోంచి కనిపించే డాష్‌బోర్డు మీద, డ్రైవరు తలుపు పక్కన లేబుల్ మీద, చాసిస్ మీద గుద్దిన చోట, మూడింటా ఆ నంబరు ఒకటే ఉండాలి. కెనడాలో పికప్ ట్రక్కుల దొంగతనాలు ఎక్కువ. అక్కడి పోలీసుల వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి చూడు.

ఆ తలుపు లేబుల్‌నే ఇంకా జాగ్రత్తగా చదవాలి. అమెరికా భద్రతా ప్రమాణాలకు అనుగుణంగా తయారైందని దాని మీద రాసి ఉంటే పెద్ద చిక్కు తీరినట్టే. కెనడా ప్రమాణాల మాట మాత్రమే ఉంటే, దాన్ని ఎవరు, ఏ దారిన లోపలికి తెచ్చారో అడగాలి. 25 ఏళ్లు దాటిన బళ్లకు మినహాయింపు ఉంది, మీది 2018. కెనడా లేబుల్ మాత్రమే ఉన్న బళ్లను రిజిస్టర్డ్ ఇంపోర్టర్లు, అంటే ప్రభుత్వ అనుమతి ఉన్న దిగుమతిదారులు, మార్పులు చేసి తమ లేబుల్ అతికించి అమ్ముతారు. కస్టమ్స్ దగ్గర ఇచ్చిన భద్రతా ప్రమాణాల ఫారం హెచ్ఎస్-7, పర్యావరణ సంస్థ పొగ ప్రమాణాల ఫారం 3520-1, సుంకం లెక్క చూపే పత్రం, మూడింటి నకళ్లూ అడుగు. సుంకం సంగతి ఎందుకంటే, తేలికపాటి ట్రక్కుల మీద అమెరికాలో 1964 నుంచి 25 శాతం సుంకం ఉంది. ఐరోపా దేశాలు అమెరికా కోళ్ల మీద పన్ను వేస్తే దానికి జవాబుగా వేసింది, ఇంకా పోలేదు. పొరుగు దేశాలకు ఒప్పందం వల్ల వెసులుబాటు దొరికేది, 2025లో వాహనాల మీద కొత్త సుంకాలు వచ్చి ఆ లెక్క మారింది. కాబట్టి నోటి మాట చాలదు, కాగితం చూడాలి. లోపల ఇంకొకటి చూడు: టైరులో గాలి తగ్గితే దీపం వెలిగే ఏర్పాటు అమెరికాలో తప్పనిసరి, కెనడాలో కాదు. మీ బండికి అది ఉందో లేదో.

ఇక మీటరు. ప్రకటనలో 89,500 మైళ్లు అని ఉంది. మైలంటే 1.609 కిలోమీటర్లు కాబట్టి అది 1,44,000 కిలోమీటర్ల దగ్గర పడుతుంది. బండి కెనడాలో తిరిగినన్నాళ్లూ మీటరు కిలోమీటర్లలోనే నడిచింది. మైళ్లలోకి ఎవరు మార్చారు? తెర మీద యూనిట్ మార్చారా, మీటరు పెట్టెనే మార్చారా? పెట్టె మార్చి ఉంటే అందులో ఏ అంకె ఎక్కించారో చెప్పే కాగితం కావాలి. అంటారియోలో చివరిసారి సర్వీసు చేయించినప్పటి బిల్లు తెప్పించు, దాని మీద తేదీ, కిలోమీటర్లు ఉంటాయి. ఆ అంకెను 1.609తో భాగించి, ఆ తర్వాత తిరిగింది కలిపితే ఇప్పుడు కనిపించే దానికి దగ్గరగా రావాలి. మీటరు అంకె రాసి సంతకం పెట్టి ఇవ్వడం అమ్మేవాడి బాధ్యత. 2011, ఆ తర్వాతి మోడళ్లకు 20 ఏళ్ల దాకా అది చట్టం.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది తుప్పు తల్లీ. అంటారియోలో చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మీ బఫెలోలోనూ అంతేననుకో. ఫోటోల్లో బండి పెళ్లికూతురిలా మెరిసిపోతోంది, ఎక్కడా మచ్చ లేదు. ఆ మెరుపు దేనికీ సాక్ష్యం కాదు. 2015 మోడల్ నుంచి ఎఫ్-150 క్యాబినూ వెనక తొట్టీ అల్యూమినియంతో చేస్తున్నారు, ఉక్కుకు పట్టినట్టు దానికి తుప్పు పట్టదు. కింద బరువు మోసే చాసిస్ మాత్రం ఉక్కే. పైన తళతళలాడుతూ కింద ఉప్పు తినేసిన బండి ఉండటానికి పూర్తి అవకాశం ఉంది. కాకినాడ, విశాఖ రేవుల్లో ఉప్పుగాలికి తిరిగిన లారీలు రంగు వేయించుకుని మన దగ్గరికి అమ్మకానికి వచ్చేవి. మీ నాన్న రంగు వైపు చూసేవారే కాదు. బండిని గొయ్యి మీద నిలబెట్టించి, కిందికి దిగి, చాసిస్ పొడవునా సుత్తితో తడుతూ వెళ్లేవారు. మంచి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన ఇనుము మందంగా పలుకుతుంది. నల్లటి పూత కొత్తగా పూసి ఉంటే అక్కడే ఇంకాస్త గట్టిగా తట్టేవారు. అల్లుడుగారిని అదే చేయమను. వెనక కమాను కట్టలు చాసిస్‌కు తగిలించిన చోట్లు, బ్రేకు పైపులు, ట్రైలరు తగిలించే కొక్కెం చుట్టూ ఉన్న ఇనుము ముఖ్యంగా చూడాలి. మీరు బరువు లాగబోతున్నారు, బ్రేకు పైపు తుప్పుకు చిల్లు పడితే ప్రాణం మీదికి వస్తుంది. పైగా వెనక సీట్లో నా మనవరాలు కూర్చుంటుంది.

సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగి చూడండి. నీళ్లలో మునిగిన బండికి ఆ లోపలి పట్టీ మీద బురద చార ఉండిపోతుంది. 2020 అక్టోబరు వరదల్లో మన ఊళ్లో ఎన్ని బళ్లు మునిగాయో చూశాం కదా, కడిగి తుడిచి ఆరబెట్టినా ఆ చార పోదు. ముందు గ్రిల్ లోంచి ప్లగ్గు తీగ వేలాడుతుంటే కంగారు పడకు. చలిలో ఇంజను వెచ్చబెట్టుకోవడానికి అక్కడివాళ్లు పెట్టించుకునేది, మీకూ పనికొస్తుంది.

అప్పు సంగతి చాలామందికి తట్టదు. అమెరికాలో తీసే వాహన చరిత్ర ప్రధానంగా అక్కడి రాష్ట్రాల రికార్డుల మీద నడుస్తుంది. కెనడాలో బాకీలు ప్రావిన్స్‌ల వారీగా నమోదవుతాయి. సెకండ్‌హ్యాండ్ బళ్ల కోసం అంటారియో ప్రభుత్వం సమాచార ప్యాకేజీ ఒకటి అమ్ముతుంది, విన్ నంబరు ఇస్తే ఆ ప్రావిన్స్‌లోని పాత యజమానుల వివరాలు, మిగిలిన బాకీలు అందులో వస్తాయి. అది తీయించు. సాల్వేజ్ ముద్ర, అంటే బాగా దెబ్బతిన్న బండి అన్న ముద్ర, ఏదైనా పడిందేమో కూడా చూడు. ఆ ముందు బండి క్యూబెక్‌లోనో ఇంకెక్కడో ఉండి ఉంటే అక్కడా వెతకాలి.

వారంటీ మిగిలి ఉందని అమ్మేవాడు అంటే నమ్మి ధర ఒప్పుకోకు. కెనడాలో అమ్మిన బండిని అమెరికాకు తెస్తే చాలా కంపెనీలు వారంటీ రద్దు చేస్తాయి. విన్ నంబరు చెప్పి కంపెనీనే అడుగు. అలాగే రీకాల్స్, అంటే లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచి సరిచేసేవి, రెండు దేశాల సైట్లలోనూ చూడు.

ధర తక్కువగా ఉండటమే తప్పు అని నేను అనడం లేదు. కెనడా డాలరు విలువ తక్కువ కాబట్టి అక్కడ కొని అమెరికాలో అమ్మేవాడికి నిజంగానే లాభం మిగులుతుంది, నీకూ కొంత తగ్గుతుంది. నిజాయితీగా ఆ వ్యాపారం చేసేవాడి దగ్గర నేను చెప్పిన కాగితాలన్నీ ఫైలులో సిద్ధంగా ఉంటాయి. అడిగితే విసుక్కుంటే, టైటిల్, అంటే యాజమాన్య పత్రం, తర్వాత పంపిస్తానంటే, ఇంకొకరు వస్తున్నారని తొందరపెడితే లేచి వచ్చేయండి. అడ్వాన్సు కూడా ఇవ్వకండి. అమ్మేవాడు చూపించిన మేస్త్రీ కాకుండా మీరు ఎంచుకున్న మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లి, లిఫ్ట్ మీదికి ఎత్తించి చూపించండి. ఆ ఖర్చుకు అల్లుడుగారు వెనకాడితే నా పేరు చెప్పు, నేను పంపిస్తాను.

తలుపు లేబుల్ ఫోటో, చాసిస్ కింది నుంచి తీసిన ఫోటోలు, సర్వీసు బిల్లు నాకు పంపు. కింది ఫోటోలు మీ నాన్నకు చూపిస్తాను, కాగితాలు నేను చదువుతాను. మీకు శుక్రవారం రాత్రి, మాకు శనివారం పొద్దున ఫోను చెయ్యి.

అమ్మ