ఏడీహెచ్‌డీ పిల్లలకు మొదటి ఏడాది ఒక మనిషి తోడుండాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈఏపీసెట్ సీట్లు వచ్చి పిల్లలు హాస్టళ్లకు బయల్దేరుతున్నారు. వాళ్లలో ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవక, కుదురు లేక ఇబ్బందిపడే సమస్య) ఉన్నవాళ్ల గురించి మన జిల్లా కాలేజీలకు చెప్పుకోవాలని రాస్తున్నాను.

మాది రాజాం. మా తమ్ముడు విజయనగరం దగ్గర ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్నాడు. ఇంటర్‌లో వాడికి మంచి మార్కులే వచ్చాయి. పొద్దున లేపడం మొదలు రాత్రి స్టడీ అవర్ దాకా ఎవరో ఒకరు వెంటపడి చదివించేవారు. ఇంజినీరింగ్‌లో అలా అడిగే నాథుడు లేడు. లెక్కలు ఇట్టే వచ్చేసేవి గానీ కెమిస్ట్రీ రికార్డు మొదటి ప్రయోగం దగ్గరే ఆగిపోయింది. హాజరు 75 శాతం కిందికి పడిపోయాకే కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. బద్ధకం అన్నారు. విశాఖలో సైకియాట్రిస్టుకు చూపిస్తే ఏడీహెచ్‌డీ అని తేలింది. పని మొదలుపెట్టడం, టైమ్ అంచనా వెయ్యడం, గుర్తుపెట్టుకోవడం ఈ పిల్లలకు కష్టం. ఇది చిన్నప్పటి నుంచీ ఉండేదే. వెనక ఎవరో ఒకరు ఉన్నన్నాళ్లూ చాలామందిలో బయటపడదు.

మందుల సంగతి డాక్టరు గారు చూసుకుంటారు. మిగతాది ఆదివారం సాయంత్రం వీడియో కాల్‌లో మేమిద్దరం చూసుకుంటాం. "రికార్డు పూర్తి చెయ్" అంటే వాడు బిక్కమొహం వేస్తాడు. "ముందు ఏం చేస్తావు, ఎప్పుడు, ఎక్కడ కూర్చుని?" అని అడుగుతాను. కాసేపు ఆలోచించి "మూడో ప్రయోగం టేబుల్ గీస్తానక్కా, ఇప్పుడే" అంటాడు. ఫోన్ గోడకి ఆనించి గీస్తుంటాడు, ఇవతల నేను మిషన్ మీద జాకెట్లు కుట్టుకుంటాను. మాటలేమీ ఉండవు. ఎదురుగా ఒక మనిషి ఉంటే చాలు, వాడి చెయ్యి కదులుతుంది. ఏం చెయ్యాలో వాడే తేల్చుకోవాలి, నేను చెప్పేస్తే మళ్లీ వారానికి అది నిలవదు.

అందరికీ ఇలా కూర్చునే అక్క ఉండదు కదా! విశాఖలో నీట్ కోచింగ్‌కు వచ్చిన ఒక అమ్మాయి మరణించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు గట్టి ఆదేశాలే ఇచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలి. పరీక్షలప్పుడు, కొత్త చదువులోకి మారేటప్పుడు చిన్న చిన్న బ్యాచ్‌లకు మెంటార్లను కేటాయించాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ విడిగా లేదు. అందుకని సర్టిఫికెట్ తెమ్మని కూర్చోకుండా కాలేజీలే చొరవ తీసుకోవాలి.

క్లాసులు మొదలయ్యేలోపు ఫస్టియర్ నోటీసు బోర్డులో మెంటార్ పేరు, ఫోన్ నంబరు పెట్టండి. మిడ్ పరీక్షలు, రికార్డులు, అసైన్‌మెంట్ల తేదీలన్నీ ఒకే కాగితం మీద ఇవ్వండి. హాజరు తగ్గడం మొదలవగానే ఆ మెంటార్ పిల్లవాణ్ణి పిలిచి మాట్లాడాలి. డిటెయిన్ చేసే ముందు కబురు పెడితే ఇంట్లోవాళ్లం చెయ్యగలిగేది ఏముంటుంది?

– ఒక అక్క, రాజాం, విజయనగరం జిల్లా